మంచు ఒడ్డున ఎండ

మంచు అనే ఒక్క మాటతో తెలుగువారు చాలా వ్యవహారం నడుపుకొంటారు. సంక్రాంతి వేకువన పొలాల మీద కమ్ముకొనే పొగవంటిదీ మంచే. గడ్డిపరక కొసన నిలిచిన బొట్టూ మంచే. హిమాలయ శిఖరాలను కప్పి ఉండే తెల్లని పదార్థమూ మంచే. హిమం, తుహినం, తుషారం, నీహారం, ప్రాలేయం వంటి మాటలను మన కవులు సంస్కృతం నుంచి తెచ్చుకొన్నారు గాని, వాటిని చాలావరకు యతిప్రాసల అవసరాన్ని బట్టి వాడుకొన్నారు. ఒకదానికీ మరొకదానికీ ఉన్న భేదాన్ని పట్టి చూడవలసిన పని వారికి అంతగా పడలేదు. చెరువు గడ్డకట్టడం ఎరుగని సీమలో ఆ పని ఎందుకు పడుతుంది? నాకు మాత్రం యాభై ఆరో ఏట, చేతిలో ఒక కొత్త కెమెరాతో సహా, ఆ పని పడింది.

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రానికి మాడిసన్ రాజధాని. మెండోటా, మొనోనా అనే రెండు సరస్సుల నడుమ ఇరుకైన నేలపట్టీ మీద ఆ నగరం వెలసింది. మెండోటా పెద్దది, వైశాల్యం సుమారు 40 చదరపు కిలోమీటర్లు, అత్యధికమైన లోతు దాదాపు 25 మీటర్లు. దాని దక్షిణపు ఒడ్డున విశ్వవిద్యాలయం ఉన్నది. తెలుగు సాహిత్యం చదువుకొన్నవారికి ఆ విశ్వవిద్యాలయం పేరు కొత్త కాదు. ఆచార్య వెల్చేరు నారాయణరావుగారు ముప్పై ఏళ్ళకు పైగా అక్కడ తెలుగు బోధించారు. డేవిడ్ షుల్మన్‌తో కలిసి ఆయన చేసిన మనుచరిత్ర ఆంగ్లానువాదం 2015లో వెలువడింది. నేను మాత్రం సాహిత్యం పని మీద వెళ్ళలేదు. మా అమ్మాయి అక్కడ సరస్సుల శాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. ఆర్జిత సెలవు పెట్టి, జనవరి చివరి వారంలో నేను బయలుదేరుతుంటే, "వేసవిలో వెళ్ళరాదా?" అని తోటి అధ్యాపకులు అడిగారు. వేసవిలో సరస్సు ఎలా ఉంటుందో ఊహించడం నాకు కష్టం కాదు. శీతకాలంలో ఎలా ఉంటుందో చూడాలన్నదే నా కోరిక. అందుకోసమే వేతన సవరణ బకాయిల సొమ్ములో కొంత తీసి ఒక కెమెరా కొన్నాను.

అక్కడి ఎండను గురించి ముందు చెప్పాలి. మనకు ఎండ అంటే వేడి. ఆ రెండూ వేరు కాగలవని మన అనుభవంలో లేదు. మాడిసన్‌లో నేను సరస్సు ఒడ్డుకు వెళ్ళిన మొదటి ఉదయం ఉష్ణోగ్రత సున్నాకు 16 డిగ్రీలు దిగువన ఉన్నది. ఆకాశంలో మేఘపు తునక లేదు. కన్ను తెరవలేనంత ఎండ. ముఖానికి ఎండ సోకుతున్నా వెచ్చదనం జాడ లేదు. ముక్కులోని తేమ గడ్డకట్టి చిటపటమంటున్నది. ఉత్తరాన 43వ అక్షాంశం మీద ఉన్న ఊరు అది. జనవరి చివర మధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం నుంచి 29 డిగ్రీలకు మించి పైకి రాడు. అదే రోజు మన ఒంగోలులో 50 డిగ్రీలు దాటి నిలుస్తాడు. అందువల్ల అక్కడ మిట్టమధ్యాహ్నమైనా మనిషి నీడ మనిషికన్నా దాదాపు రెండింతలు పొడవుంటుంది. పగలంతా సాయంకాలపు నీడలే. ఛాయాచిత్రం తీసేవారికి ఇంతకన్నా వరం లేదు. మన దగ్గర మధ్యాహ్నపు ఎండ నెత్తిన పడి నీడలను పాదాల కిందికి తొక్కివేస్తుంది. అక్కడి ఎండ పక్కనుంచి వచ్చి మంచు మీది ప్రతి గీతకూ, ప్రతి పక్షి అడుగుకూ ఒక నీడను గీసి ఇస్తుంది.

అయితే ఆ వరం కెమెరాకు వెంటనే అందదు. ఆనాడు తీసిన చిత్రాలలో రెండింటిని మా తమ్ముడి సెల్‌ఫోనుకు పంపాను. వాడు మా అమ్మకు చూపించాడు. అమ్మకు 81 ఏళ్ళు. అంతకు రెండు నెలల ముందే ఆమె రెండో కంటికి కూడా శుక్లం తీశారు. శుక్లం ముదిరిన కన్ను పసుపుపచ్చని గాజులోంచి చూసినట్లు చూస్తుంది. తెలుపు మెల్లమెల్లగా మాసిపోతుంది గనుక మాసిన సంగతి మనిషికి తెలియదు. కట్టు విప్పిన మరునాడు అమ్మ తన మంచం మీది దుప్పటి పట్టుకొని, "ఇది ఇంత తెల్లగా ఉందా!" అని ఆ పూటంతా ఆశ్చర్యపోయింది. అటువంటి కళ్ళతో ఆమె నా చిత్రాలను చూసి, ఫోనులో నన్ను అడిగిన మొదటి మాట ఇది: "ఏందిరా అబ్బాయ్, మంచంటే తెల్లగా ఉంటదిగా! ఇది చలవ చెయ్యని పంచెలాగా మాసి ఉందేంది?"

తెలుపును గురించి ఆమెకు చెప్పగలవాణ్ణి కాను. మా ఊరు చినగంజాం పక్కన. ఉప్పుమడుల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఆమె. వైశాఖపు ఎండలో ఉప్పు కుప్పలు ఎలా మెరుస్తాయో, వాటిని చూసీ చూసీ కళ్ళు ఎలా నీళ్ళు కారుస్తాయో తెలిసిన మనిషి. పండుగకు నాన్న పంచెలను నీలిమందు నీళ్ళలో జాడించి, ఆ నీలిచుక్క ఎంత పడాలో చేతి లెక్కతో నిర్ణయించిన మనిషి. ఆమె మాసింది అంటే మాసినట్లే.

కెమెరా ఎందుకు అలా చేస్తుందో విద్యార్థులు తెలుసుకోదగిన విషయం. కెమెరాలో వెలుతురును కొలిచే సాధనం ఒకటి ఉంటుంది. ఎదుట ఉన్నది మంచా, మసిగుడ్డా అన్నది దానికి తెలియదు. లోకంలోని వస్తువులన్నింటినీ కలిపి సగటు తీస్తే, మీద పడిన వెలుతురులో సుమారు 18 శాతాన్ని తిరిగి పంపే నడిమి బూడిదరంగు వస్తుందన్న అంచనా మీద దాన్ని తయారు చేశారు. చెట్టూ, ఇల్లూ, మనుషులూ ఉన్న మామూలు దృశ్యానికి ఆ అంచనా సరిపోతుంది. కాని కొత్తగా కురిసిన మంచు తన మీద పడిన వెలుతురులో 80 నుంచి 90 శాతం వరకు వెనక్కు పంపుతుంది. చిత్రం నిండా మంచే ఉన్నప్పుడు, 'ఇక్కడ వెలుతురు మరీ ఎక్కువగా ఉన్నది' అనుకొని ఆ సాధనం షట్టరు తెరచి ఉండే కాలాన్ని తగ్గించివేస్తుంది. తెల్లని మంచు బూడిదరంగుకు దిగుతుంది. నల్ల గేదెను దగ్గరగా తీసినా ఇదే తంతు ఎదురుగా జరుగుతుంది; గేదె బూడిదరంగుకు ఎక్కుతుంది. తెల్ల ఆవునూ నల్ల గేదెనూ ఒకే వర్ణంలోకి చేర్చే ఈ సమదృష్టి వేదాంతులకు నచ్చవచ్చు, చిత్రకారుడికి పనికిరాదు. నేటి కెమెరాలు దృశ్యాన్ని ముక్కలు ముక్కలుగా పరిశీలించి కొంత తెలివిగా లెక్క కడతాయి. అయినా ఎల్లలు లేని తెల్లదనం ముందు వాటికి కూడా పాత అలవాటు పోదు.

దీనికి విరుగుడు ప్రతి మంచి కెమెరా మీదా ఉంటుంది. కూడిక, తీసివేత గుర్తులున్న ఒక మీట. దాన్ని కూడిక వైపు ఒక మెట్టు తిప్పితే వెలుతురు రెట్టింపవుతుంది. రెండు మెట్లు తిప్పితే నాలుగింతలవుతుంది. మంచుకు సాధారణంగా ఒకటిన్నర, రెండు మెట్లు సరిపోతాయి. వెలుతురు ఎక్కువగా ఉన్నచోట ఇంకా వెలుతురు పోయాలన్నది వినడానికి విడ్డూరంగా ఉంటుంది. కళ్ళు జిగేలుమంటుండగా ఆ మీటను కూడిక వైపు తిప్పడానికి వేళ్ళకు ధైర్యం చాలదు. పైగా అవతలివైపు గొయ్యి ఉన్నది. ఒక మెట్టు ఎక్కువ తిప్పితే మంచు మీది గరుకూ, గీతలూ, రేణువులూ అన్నీ కాలిపోయి ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. నీడలో మునిగిపోయిన వివరాన్ని తరువాత కొంతవరకు పైకి తీయవచ్చు గాని, అలా కాలిపోయినదాన్ని ఎవరూ తిరిగి తేలేరు. ఎండలో కెమెరా వెనుక ఉన్న తెర కనిపించదు. చూస్తే మన ముఖమే అద్దంలోలాగా కనిపిస్తుంది. అందుకని వెలుతురు పంపకాన్ని కొండలాగా గీసి చూపే పటం ఒకటి ఉంటుంది, దాన్ని నమ్ముకోవాలి. ఆ కొండ కుడి అంచుకు దగ్గరగా వచ్చి, అంచును తాకకుండా నిలవాలి.

ఈ సంగతులు కెమెరాతో వచ్చిన పుస్తకంలోనివే. మా అమ్మాయి నేర్పినవి వేరు. బయటికి వెళ్ళేముందు రెండో బ్యాటరీని చొక్కా లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకోమన్నది. చలికి బ్యాటరీలోని రసాయన చర్య మందగించి అరగంటలో నీరసిస్తుంది. ఇంట్లోకి వచ్చేముందు కెమెరాను ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగించమన్నది. లేకపోతే ఇంటి లోపలి తేమ చల్లని కటకం మీద చెమ్మగా పేరుకొంటుంది. ఏ.సి. గదిలోంచి కోస్తా ఉక్కపోతలోకి కళ్ళజోడుతో వచ్చినవారికి ఈ విషయం ఒక్క మాటలో అర్థమవుతుంది. అన్నింటికన్నా ముందుగా నల్ల కళ్ళద్దాలు పెట్టించింది. మంచు మీదినుంచి ఎగసే అతినీలలోహిత కిరణాలు గంటల తరబడి తగిలితే కంటిపొర కాలుతుందట. "నాన్నా, కెమెరాకు కన్ను పోతే ఇంకొకటి కొనుక్కోవచ్చు" అన్నది.

ఇక ఆ ఒడ్డు. విశ్వవిద్యాలయం పక్కనుంచి పిక్నిక్ పాయింట్ అనే సన్నని నేల ముక్క సరస్సులోకి చేయి చాచినట్లు ఒక మైలు దూరం పొడుచుకొని పోతుంది. విశ్వవిద్యాలయపు ఒడ్డున నిలబడి ఉత్తరానికి చూస్తే సూర్యుడు మన వీపు వెనుక ఉంటాడు. సరస్సు చదునుగా, సున్నం కొట్టిన గోడలాగా కనిపిస్తుంది. అదే సరస్సును పిక్నిక్ పాయింట్ కొసకు పోయి ఉదయం ఆగ్నేయానికి తిరిగి చూస్తే, ఎండకు ఎదురుగా, మంచు మీది ప్రతి పలుకూ వెలుగుతుంది. దూరాన రాజధాని భవనపు తెల్లని గ్రానైట్ గుమ్మటం కనిపిస్తుంది. నా రోజులు చాలావరకు ఆ కొసనే గడిచాయి.

దూరానికి ఒకే తెల్లని పరుపులా కనిపించినది దగ్గరికి వెళితే నాలుగైదు పదార్థాలు. ఒడ్డున నీళ్ళ మీదికి వంగిన కొమ్మలకు, సరస్సు ఇంకా గడ్డకట్టని రోజులలో అలలు చిమ్మిన తుంపర పొరలు పొరలుగా పేరుకొని, ప్రతి రెమ్మకూ ఒక గాజు తొడుగు ఏర్పడింది. గాలికి అవి ఒకదానికొకటి తగిలి పెళ్ళివారింటి గాజుల చప్పుడు చేస్తాయి. ఒడ్డు వెంబడి మంచుపలకలు విరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కి నిలబడ్డాయి. రాత్రి చలికి గడ్డ ముడుచుకొని పగుళ్ళు విచ్చుతుంది. పగుళ్ళలోకి నీరెక్కి గడ్డకడుతుంది. వెచ్చబడిన పూట గడ్డ తిరిగి సాగుతుంది. సాగడానికి చోటు లేక ఒడ్డు మీదికి తోసుకొని వస్తుంది. ఆ తోపుకు ఒడ్డు మట్టి కూడా కట్టలాగా లేస్తుంది. ఇదంతా నిశ్శబ్దంగా జరగదు. గడ్డ పగిలినప్పుడల్లా సరస్సు కిందినుంచి ఎక్కడో దూరాన డోలు మీద దరువు వేసినట్లు ఒక మోత పుట్టి, కాళ్ళ కిందుగా సాగి, అవతలి ఒడ్డు దాకా పోతుంది. మొదటిసారి విన్నప్పుడు నేను ఒడ్డుకు పరుగెత్తాను. ఆ మోత గడ్డ సర్దుకొనే చప్పుడేనని, దాన్ని చూసి మంచు పలచబడిందని అనుకోనక్కరలేదని మా అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

మంచు తుడిచిపెట్టుకు పోయిన చోట గడ్డ నల్లగా, నున్నగా, గాజులాగా ఉన్నది. అందులో తెల్లని గాలిబుడగలు దొంతరలుగా నిలిచిపోయాయి. తెలుపు కోసం కూడిక వైపు తిప్పిన మీటను ఇక్కడ మళ్ళీ వెనక్కు తిప్పవలసి వచ్చింది. నీడల సంగతి మరొకటి. మంచు మీది నీడ నల్లగా ఉంటుందనుకొంటాం. చిత్రంలో అది నిండు నీలం. నీడలో సూర్యుడు పడడు గాని ఆకాశం పడుతుంది. ఆ నీలిమే అక్కడ కనిపిస్తుంది. కెమెరా ఆ నీలిమను తీసివేసి సరిదిద్దగలదు. నేను తీయనివ్వలేదు. పంచె తెల్లగా కనిపించాలంటే నీలిమందు పడాలని తెలిసిన ఇంట్లో పుట్టినవాణ్ణి.

ఒక మధ్యాహ్నం గడ్డ మీద రాలిపడిన ఓక్ ఆకు ఒకటి కంటబడింది. అది గడ్డ మీద లేదు. తన ఆకారానికి సరిగ్గా సరిపోయే గుంటలో రెండంగుళాల కిందికి దిగి ఉన్నది. చుట్టూ ఉన్న తెల్లని మంచు ఎండను వెనక్కు పంపివేసింది. ముదురు రంగు ఆకు ఎండను తాగి, వేడెక్కి, తన కింది మంచును తానే కరిగించుకొని దిగింది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని హిమాలయానికి వెళతాడు. తిరిగి రాబోయే వేళకు, ఎండకు కరిగిన మంచునీటిలో ఆ లేపం కరిగిపోతుంది. కథ మొత్తం ఆ కరుగుడు మీద నిలిచి ఉన్నది. లేపం కరగకపోతే వరూధిని లేదు, స్వరోచి లేడు, మనువూ లేడు. ముప్పై ఏళ్ళుగా పాఠం చెబుతున్న ఆ ఘట్టంలో ఇన్నాళ్ళూ నా దృష్టి ప్రవరుడి నిష్ఠ మీద, వరూధిని మాటల మీద ఉండేది. ఆ ఆకును చూశాక కవి ఎంచుకొన్న కారణం ఎంత సహజమైనదో తెలిసింది. చలి తగ్గనక్కరలేదు, ఋతువు మారనక్కరలేదు. మంచు మీద ఎండ పడుతుండగా ఒకచోట నిలిచి కొండల సొగసు చూస్తూ ఉంటే చాలు. పెద్దన ఇదంతా ఆలోచించి వ్రాశాడని నేను అనను. అని ఉంటే మా పరిశోధక మిత్రులు ఆధారం అడుగుతారు.

సరస్సు నడిమి వైపు, ఒడ్డుకు దూరంగా, చేపలు పట్టేవారు కూర్చుంటారు. బర్మాతో గడ్డలో జానెడు వెడల్పు రంధ్రం తొలిచి, బోర్లించిన బకెట్టు మీద కూర్చొని, చిన్న గాలం వదులుతారు. ఒక పెద్దాయన నన్ను పిలిచి రంధ్రంలోకి చూడమన్నాడు. గడ్డ మందం కొలిచి చూపించాడు, పదకొండు అంగుళాలు. నాలుగంగుళాల గట్టి గడ్డ ఉంటే మనిషి నడవవచ్చునని అక్కడివారి లెక్క. దాని కింద నల్లని నీరు నెమ్మదిగా కదులుతున్నది. నీరు 4 డిగ్రీల వద్ద అన్నింటికన్నా బరువుగా ఉంటుంది. అంతకన్నా చల్లబడినది తేలికై పైకి తేలి గడ్డకడుతుంది. గడ్డ మునిగే పదార్థమే అయి ఉంటే సరస్సు అడుగునుంచి గడ్డకట్టి, చేపలన్నీ చచ్చి ఉండేవి. పెద్దాయన చిత్రం తీసుకొంటానని అడిగాను. "తెల్లమంచు మీద నా ముఖం నల్లగా వస్తుంది, చూసుకోండి" అన్నాడు. ఆయనకు కెమెరా సంగతి తెలుసు.

తన చిన్నతనంలో చేపలవారు మరికొన్ని వారాలు కూర్చొనేవారని ఆయన అన్నాడు. అది ముసలివారి మాటగా కొట్టివేయదగినది కాదు. మెండోటా ఏనాడు గడ్డకట్టింది, ఏనాడు విడిచింది అన్న లెక్కను మాడిసన్‌లో 1850ల నుంచి వ్రాసిపెడుతున్నారు. పిక్నిక్ పాయింట్ నుంచి ఎదుటి ఒడ్డుకు పడవ పోగలదా లేదా అన్నది వారి పాత కొలమానం. ఆ లెక్కల ప్రకారం, మొదటి రోజులతో పోలిస్తే సరస్సు గడ్డకట్టి ఉండే కాలం ఇప్పుడు సుమారు ఒక నెల తగ్గింది. జపానులోని సువా సరస్సు గడ్డకట్టే తేదీని అక్కడి దేవాలయ పూజారులు 1443 నుంచి వ్రాస్తున్నారు. ఈ మధ్య చాలా శీతకాలాలు అది గడ్డకట్టకుండానే గడిచిపోయాయి. మా అమ్మాయి పరిశోధన ఈ విషయానికి సంబంధించినదే. గడ్డ ఆలస్యంగా కట్టి తొందరగా విడిస్తే నీళ్ళలోని జీవులకు ఏమవుతుందన్నది ఆమె ప్రశ్న. "నువ్వు తీసే ప్రతి బొమ్మకూ తేదీ, చోటు వ్రాసిపెట్టు నాన్నా" అని మొదటి రోజునే చెప్పింది. వ్రాశాను. చిత్రం బాగున్నదా లేదా అని నేను చూస్తుంటే, ఒడ్డున గడ్డ ఎంత దూరం ఉన్నదో ఆమె చూసేది.

తిరిగి వచ్చాక అయిదారు చిత్రాలను పెద్దవి చేయించి అమ్మకు తీసుకువెళ్ళాను. కిటికీ దగ్గర, వెలుతురులో పట్టుకొని ఒక్కొక్కటీ చూసింది. గాజు తొడుగులు వేసుకొన్న కొమ్మలను త్వరగా పక్కన పెట్టింది. నీలి నీడల చిత్రాన్ని చూసి, "ఇప్పుడు ఉతికినట్టుంది" అన్నది. చేపలాయన చిత్రం దగ్గర ఆగిపోయింది. ఆయన ముఖం మీదినుంచి వేలిని కిందికి జరిపి బకెట్టు పక్కన ఆపింది.

"ఈ నల్లచుక్క ఏందిరా?"

"అది చిల్లు, అమ్మా. దాని కింద నీళ్ళు. అందులోనే చేపలు."

"అంటే ఈయన నీళ్ళ మీద కూర్చున్నాడా?"

"నీళ్ళ మీదే."

కాసేపు ఆలోచించి, చిత్రాన్ని కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిపి, "మరి నువ్వెక్కడ నిలబడి తీశావు?" అన్నది.